కనుబొమలు కాలిన నిపుణుడు

మొహమాటపడకుండా నవ్వుకోండి. మా వంటిల్లు ఈ రోజుకీ నిలబడి ఉందంటే అందులో నా ప్రతిభ ఏమీ లేదు.

పెళ్లయిన మొదటి ఏడాది. ప్రగతి నగర్‌లో కిరాయి ఇల్లు. మా ఆవిడ సునీత గచ్చిబౌలిలోని ఒక ఆసుపత్రిలో నర్సు. నేను ఆ దగ్గర్లోనే ఒక కంపెనీలో, ఇంజిన్ల లోపల మంట ఎలా పాకుతుందో కంప్యూటర్ మీద లెక్కగట్టేవాణ్ణి. గ్యాసూ గాలీ ముందే కలిసిపోయిన చోట నిప్పు తగిలితే మంట ఒక్కచోట నిలవదు, ఆ మూల నుంచి ఈ మూల దాకా పరుగెడుతుంది. ఈ సంగతి పెళ్లిచూపుల్లో కూడా వివరించాను. అయినా సునీత ఒప్పుకుంది.

ఆమె పుట్టినరోజు. డ్యూటీ నుంచి వచ్చేసరికి కేకు సిద్ధంగా ఉంచాలని ఎవరి దగ్గర్నుంచో పాత గ్యాస్ ఓవెన్ తెచ్చాను. గ్యాస్ తిప్పి లైటర్ నొక్కితే వెలగలేదు. అగ్గిపెట్టె కోసం ఇల్లంతా గాలించాను. ఈలోగా గ్యాస్ కట్టేయాలన్న ఆలోచన నా డిగ్రీల్లో ఏ ఒక్కదానికీ రాలేదు. జలుబు చేసిన ముక్కుకు వాసనా తెలియలేదు. అగ్గిపెట్టె దొరికింది. ఓవెన్ తలుపు తెరిచి, లోపలికి తొంగి చూస్తూ పుల్ల గీశాను.

భుప్‌మంది. పుల్ల దగ్గర పుట్టిన నీలిమంట ఓవెన్ మూలలన్నీ చుట్టి, లోపలి వేడిని వెంటేసుకుని నా ముఖం మీదికే తిరిగొచ్చింది. నేను గిన్నెల మీద వెల్లకిలా పడ్డాను.

సరిగ్గా అప్పుడే సునీత వచ్చింది. గ్యాస్ కట్టింది, కిటికీలు తెరిచింది, నా తల పట్టుకుని కుళాయి కింద పెట్టింది.

"జర కండ్లు తెరువు. నేను కనిపిస్తున్ననా?"

"కనిపిస్తున్నావు."

"మంచిగనేనా?"

"ఎప్పటికన్నా బాగా."

అప్పుడు కింద కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే నన్ను తేరిపార చూసి నవ్వడం మొదలుపెట్టింది. చర్మం కాస్త కందడంతో సరిపోయింది కానీ కనుబొమలు రెండూ మాయం. పెంకు తీసిన కోడిగుడ్డులా ఉన్నానట.

మర్నాడే ఆఫీసులో నా ప్రసంగం. విషయం, మూసిన గదిలో మంట పాకే తీరు. కనుబొమలు కాలాక కాటుక పట్టుకున్నట్టు, సునీత పొద్దున్నే నన్ను కూర్చోబెట్టి పెన్సిల్‌తో కొత్త కనుబొమలు దిద్దింది. చిన్నపిల్లలకు సూది వేసేంత జాగ్రత్తగా, ఊపిరి బిగబట్టి. ఆమె ముఖాన్ని అంత దగ్గరగా చూస్తుంటే, నిజం చెప్పొద్దూ, కాలినందుకు పెద్దగా బాధ కలగలేదు.

ప్రసంగం మధ్యలో చెమట తుడుచుకున్నాను. అందరూ తెర వదిలేసి నా ముఖం వైపు చూడసాగారు. మా మేనేజరుగారు కోనసీమ మనిషి, మెల్లగా అన్నారు.

"మీ ఎడమ కనుబొమ రుమాలుకి వచ్చేసిందండి."

ఇక దాచలేక జరిగిందంతా చెప్పేశాను. ఆయన "అయితే మన కంప్యూటర్ లెక్కా, అసలు మంటా సరిపోయాయాండీ?" అని అడిగారు.

సరిపోయాయన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మంటల నిపుణుడి హోదాలో ఇక ఏ వంటింట్లోనూ అడుగుపెట్టను. మొగుడి హోదాలో మాత్రం పెడతాను, అదీ ఉల్లిపాయలు తరగడానికే, సునీత పక్కనుంటేనే.