రాయబారి కథ చెప్పిన అంకుల్

పక్కింటి అంకుల్ మంగళవారం పొద్దున పోయారు. వాళ్లమ్మాయి ఫోన్ చేసి, "నాన్న వెళ్లిపోయారు" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. అమెరికాలో మేముండే పిస్కాటవే ఊళ్లో, మా వీధి తెలుగువాళ్లలో ఆయన్ని ఎరగనివాళ్లు లేరు. ఆయన కనబడితే తప్పించుకోవాలని చూడనివాళ్లూ తక్కువే.

దొరికితే రాయబారి కథ మొదలుపెట్టేవారు మరి. ఫార్మా కంపెనీలో రిటైరయ్యాక, మ్యూజియంగా మార్చిన ఓ పాత ఇంట్లో వాలంటీర్ గైడ్‌గా చేరారు. పందొమ్మిదో శతాబ్దపు నాయకుడి ఇల్లది. పల్లెటూరి లాయరు సెనేటర్ అయ్యి, ఆఖరికి ఐరోపాలో అమెరికా రాయబారి అయ్యాడట. అంకుల్‌కి ఆయన "మావాడు". నేను కొత్తగా వచ్చినప్పుడు నాకు డ్రైవింగ్ నేర్పింది అంకులే. సిగ్నల్ పడ్డప్పుడల్లా "మావాడు పార్టీ మారినప్పుడేమైందంటే..." అని అందుకునేవారు. ఆంటీ, "ఎప్పుడో పోయినాయన మీదున్న శ్రద్ధ నామీద లేదు" అని దెప్పేవారు.

ఒకసారి ఆయన టూర్‌కి వెళ్లాను. టై కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని నిలబడ్డారు. రాయబారి కుదిర్చిన, అందరూ గొప్పగా చెప్పుకునే ఒప్పందం గురించి రెండు మాటల్లో తేల్చేసి, గోడ మీద ఓ చిన్నపిల్ల బొమ్మ దగ్గర ఆగిపోయారు. రాయబారి కూతురు. తండ్రి పరాయి దేశంలో ఉండగా జబ్బు చేసింది. కబురందినా, ఒప్పందం మీద సంతకాలయ్యేదాకా ఆయన ఓడ ఎక్కలేదు. వచ్చేసరికి పిల్ల లేదు.

"గొప్పవాడని చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టమ్మా," అన్నారు బయటికొస్తూ.

తర్వాత మతిమరుపు జబ్బొచ్చింది. ముందు ఇంటిదారి పోయింది, ఆ తర్వాత ఆంటీ పేరు. రాయబారి మాత్రం మిగిలాడు. దేశానికి ఆ చివరనున్న సన్నీవేల్ నుంచి సెలవు పెట్టుకొచ్చిన కూతురు రోజూ మంచం పక్కన కూర్చుని, "నాన్నా, ఇట్స్ మీ. నా పేరు చెప్పు, ప్లీజ్," అని బతిమాలేది. ఒక్కసారి పిలిస్తే చాలనేది నాతో. చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది, ఎవరి మీదో తెలియదు.

మొన్న ఆదివారం రసం పట్టుకెళ్లాను. అంకుల్ కళ్లు తెరిచి, కూతురి చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. పేరు పెట్టి పిలిచారు. రాయబారి కూతురి పేరు.

"సంతకాలయ్యేదాకా రాలేకపోయాను తల్లీ. నామీద కోపమా?"

ఆ కథ ఆమెకీ తెలుసు. ఒక్క క్షణం నావైపు చూసింది. తర్వాత వంగి, ఆయన గుండె మీద తల పెట్టింది.

"లేదు నాన్నా. వచ్చేశావు కదా."

అంకుల్, ఎప్పుడో చచ్చిపోయిన ఆ పిల్ల తల నిమురుతూ నిద్రపోయారు.