మా లైనులో పరిగెత్తని పిన్ని

పోయిన సోమవారం పొద్దున్నే మా రైల్వే క్వార్టర్ల లైనులో చివరింటి పిన్ని పోయిందని ఆమె కూతురు ఫోన్ చేసింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాను. నేను చివరింటికి చేరేలోగా దారి పొడవునా తలుపులు తెరుచుకున్నాయి. "ఏటయ్యింది? ఎవులికి?" అంటూ జనం నా వెనకే వచ్చారు.

మా లైనులో అంతే. తరతరాలుగా ఇక్కడి మగవాళ్లు షెడ్డుకో యార్డుకో డ్యూటీకి వెళ్తారు. రోడ్డు మీద ఎవరైనా పరిగెడుతున్నారంటే డ్యూటీలో ఎవరికో దెబ్బ తగిలిందని అర్థం. ఎవరికో తెలుసుకోకుండా ఇంట్లో కూర్చోవడం ఎవరి వల్లా కాదు.

పిన్ని రైల్వే ఆఫీసులో గుమాస్తాగా రిటైరైంది. షుగరుందని డాక్టరు నడవమంటే, నడక విసుగని పరుగు మొదలుపెట్టింది. ఎత్తి కట్టిన చీర, కాన్వాసు బూట్లు. వారం తిరక్కుండానే రోడ్డు మానేసి ఝపటాపూర్ బజారులో బట్టల కొట్టు మీదున్న జిమ్‌లో ట్రెడ్‌మిల్ ఎక్కింది.

నాకు ఒళ్లు మండింది. నేను నడిపే చిన్న పత్రికలో రాసేశాను: రోడ్డు అందరిదీ, ఆడవాళ్లు దాన్ని వదిలేసి నాలుగు గోడల మధ్య ఉన్నచోటే పరిగెత్తడం లొంగిపోవడమే అని. పేరు రాయలేదు. కాన్వాసు బూట్ల సంగతి రాశాను. ఆ వయసులో అవి వేసుకునే ఆడమనిషి మా లైనులో ఒక్కతే.

పిన్ని ఆ పత్రిక పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది.

"బాగా రాసినావురా అబ్బాయి. నా బూట్లకి పేరొచ్చింది. నన్నొక్క మాట అడిగి రాసినావేటి?"

"అడగడానికేముంది పిన్నీ? భయపడి లోపలికి పోయావు."

"భయమే. నాకు కాదు, పక్కింటి మామ్మకి. ఆ రోజు కొడుకింకా డ్యూటీ నుంచి రాలేదు. నాను పరిగెత్తడం సూసి, వట్టి కాళ్లతో నా ఎనకాల పరిగెత్తి కంకర మీద పడిపోయింది. మోకాలు రక్తం కారతంటే నా సెయ్యి పట్టుకుని 'నా కొడుకేనా, సెప్పు' అంటాది. ఏటి సెప్పమంటావు? సుగరు తగ్గించుకుంటన్నాననా?"

ఈ లైనులోనే పుట్టిన నాకు ఆ సంగతి తెలియక కాదు, తట్టలేదు. అయినా ఊరుకున్నానా? "రోజూ పరిగెడితే వాళ్లే అలవాటు పడతారు కదా" అన్నాను.

"పడతారు. రేపు నిజంగా కబురు మోసుకుని ఎవులో పరిగెత్తొస్తే, తలుపు తీసీవోలు ఉండరు."

తప్పు రాశానని వచ్చే సంచికలో వేస్తానన్నాను. వెయ్యలేదు. ప్రతిసారీ అంతకన్నా పెద్ద అన్యాయం ఏదో ఒకటి రాయడానికి దొరికేది. అసలు కారణం అది కాదు. ఆడవాళ్ల స్వేచ్ఛ గురించి అంత గొంతు చించుకున్నవాణ్ణి, ఎదురుగా ఉన్న ఒక్క ఆడమనిషిని ఒక్క మాట అడగలేదని ఒప్పుకోవాల్సి వస్తుంది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. చదవడానికి ఆమె లేదు.

ట్రెడ్‌మిల్ ఆమెకేమీ ఇష్టం కాదు. "ఎంత పరిగెత్తినా ఎదర అదే గోడ, గోడ మీద అదే బల్లి. దానికీ నాకూ సావాసం అయిపోనాది" అనేది. అందుకే ఆదివారాలు టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కి ఊరి బయట సాలువా వెళ్లేది. అక్కడ పోలీసు క్యాంపు ఉంది, జవాన్లు రోజూ రోడ్డు మీదే పరిగెడతారు.

మొన్నటి చలికాలం ఒకసారి నన్నూ లాక్కెళ్లింది.

"బేగి రా, కామ్రేడూ! పెన్ను కాదు, కాళ్లు కదుపు!"

కల్వర్టు దాటగానే ఆయాసం వచ్చి ఆగిపోయాను. పిన్ని ఆగలేదు. జవాన్ల గుంపొకటి ఆమెను దాటుకుని పోయింది. ముందు గట్టు మీద ఇద్దరు ఆడవాళ్లు గడ్డి కోస్తున్నారు. వాళ్లకు బారెడు దూరంలోంచి, కొంగు ఎగురుతుంటే, పిన్ని పరిగెత్తుకుంటూ వెళ్లిపోయింది. కొడవళ్లు కోస్తూనే ఉన్నాయి. ఎవరూ తలెత్తి చూడలేదు.