తలుపు లేని వంటిల్లు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నేను డైరీ రాసుకునేది వంటింట్లో.

కొత్తవాడలో మాది చిన్న ఇల్లు. ముందు గదిలో నాన్న జంపఖానాలు నేసే మగ్గం, ఓ మూల టీవీ. వెనక గదిలో ముగ్గురం పడుకుంటాం. నూలు కట్టలు కూడా అక్కడే ఉంటాయి కాబట్టి ఎవరో ఒకరు వస్తూ పోతూ ఉంటారు. తలుపు మూసుకుంటే ఎందుకని అడగని చోటు వంటిల్లు ఒక్కటే. పోపు ఘాటు మగ్గం వైపు రాకూడదని నాన్నే మూయమనేవాడు. సాయంత్రం అన్నం వండే వంతు నాది. బియ్యం ఉడికేలోపు రెండు పేజీలు రాసేదాన్ని, లేదా లైబ్రరీ నుంచి తెచ్చిన నవల చదివేదాన్ని. అన్నం అడుగంటితే తిట్లు పడేవి, అంతే.

మొన్నటి వానలకు మగ్గానికీ వంటింటికీ మధ్య గోడ ఉబ్బి ఒరిగింది. మేస్త్రి వచ్చి తలుపుతో సహా కూలగొట్టాడు. మళ్ళీ కట్టే ముందు అడిగాడు.

"ఇప్పుడందరు ఓపెన్ కిచెన్ పెట్టిచ్చుకుంటాండ్రు. గోడ లేపాల్నా, గట్టు పోసి ఇడిసిపెట్టాల్నా?"

"లేపు," అన్నాడు నాన్న మగ్గం ముందు నుంచి లేవకుండానే. "ఓసారి తలుపు తీసి చేపలు ఏంచితె జంపఖానాకు వాసన పట్టె. సేటు ముక్కు మూసుకోని వాపస్ పంపె. మర్చిపోయిండ్రా?"

నాకు లోలోపల హాయిగా అనిపించింది. నోరు తెరవకుండానే నా తలుపు నాకు దక్కింది.

"నాకు గోడ వద్దు," అన్నది అమ్మ.

"నిన్నేం జేసిందే గోడ?"

"ఏం జెయ్యలే. పెండ్లైన కాంచి దాని మొఖమే చూసుకుంట వండుతాన. తండ్రిబిడ్డలు అవుతల నవ్వుతరు. ఏందని వచ్చి అడిగితె, అయిపాయె అంటరు."

"టీవీల జోకులకు నవ్వుతం. రాసిపెట్టాల్నా ఏంది నీకు?"

మేస్త్రి నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పు బిడ్డా, సదువుకున్నదానివి."

"గోడ కట్టు కాకా. నూలు దుమ్ము కూరల పడ్తది," అన్నాను. అబద్ధం కాదు. కానీ అసలు కారణం అది కాదు. అమ్మ నన్ను ఒకసారి చూసి, చీపురు తీసుకుని ఇటుక ముక్కలు ఊడ్వసాగింది.

ఇటుకలు రావడానికి నాలుగు రోజులు పట్టింది. వంటింట్లో ఇసుక పోసి ఉండటంతో అన్ని రోజులూ స్టవ్వు మగ్గం పక్కన బల్ల మీదే. నాన్న జంపఖానా మీద పాత చీర కప్పి, నేసే జానెడు మాత్రం తెరిచి పెట్టుకున్నాడు. అమ్మ వంకాయలు తరుగుతూ ఆయన రంగులకు వంకలు పెట్టేది.

"ఆ ఎరుపు పక్కకు ఆ పచ్చేంది, పటాకుల డబ్బా లెక్క?"

"అయితె నువ్వొచ్చి మగ్గం మీద కూసో, నేను కూర చేస్త."

"చేసినవ్ తియ్యి. ఉప్పు డబ్బా ఏదో ఎర్కేనా?"

ఒకరోజు పప్పులో నూలు పోగు వచ్చింది. నాన్న దాన్ని వేలితో తీసి కంచం అంచున పెట్టి, "దీనికి కూడ తాలింపేసినవా?" అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పొయ్యి దగ్గర అమ్మ నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. ఆ నాలుగు రోజులూ నేను ఒక్క అక్షరం రాయలేదు, చదవలేదు. అదీ నిజమే.

ఐదో రోజు ఇటుకలు దిగాయి. మేస్త్రి కొలతకు దారం కడుతుంటే వెళ్ళి, "గోడ వద్దు కాకా," అన్నాను. ఆయనకు వినపడలేదు. ఈసారి గట్టిగా అన్నాను.

"నడుం ఎత్తు లేపి ఆపు. తలుపు వద్దు."

నాన్న చెయ్యి ఆపి నన్నూ అమ్మనూ చూశాడు. "తల్లిబిడ్డలు ఒక్కటైండ్రు. చేపలు మాత్రం పెరట్లనే, చెప్తాన."

మధ్యాహ్నం అమ్మ పక్కన కూర్చుని చెప్పేశాను. మొదట గోడ కావాలన్నది దుమ్ము గురించి కాదని, తలుపు మూసుకుని నవలలు చదివేదాన్నని, ఇక ఎక్కడ చదవాలో తెలియడం లేదని. డైరీ సంగతి మాత్రం చెప్పలేదు.

అమ్మ జొన్నపిండి కలుపుతున్న చెయ్యి ఆపలేదు.

"నా ముంగటనే కూసోని సదువు. జర గట్టిగ సదువు, రొట్టె కొట్టే చప్పుడుకు నాకు ఇనపడదు."