రిపీటర్‌లో బస్సు నంబర్లు

మా యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ విభాగం మేడ మీద ఒక రేడియో రిపీటర్ ఉంది. చేతిలో పట్టుకునే చిన్న సెట్ల నుంచి వచ్చే బలహీనమైన మాటను అందుకుని, అదే క్షణంలో గట్టిగా తిరిగి ప్రసారం చేస్తుంది. అభిరుచి కొద్దీ నడుపుకునే హామ్ రేడియోకు లైసెన్సు ఉన్నవాళ్లెవరైనా దాన్ని వాడుకోవచ్చు. వరదో భూకంపమో వచ్చి ఫోన్లు పనిచేయనప్పుడు కబురు అందించే కేంద్రంగా దానికి అనుమతి తీసుకున్నారు. దాన్ని చూసుకునే పని నాది. నేను చూస్తున్నన్నాళ్లూ వరదా రాలేదు, భూకంపమూ రాలేదు. పొద్దున్నే మాత్రం తార్నాక స్టాపుకు వచ్చే బస్సుల నంబర్లు వినబడేవి.

చెప్పేది లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి. ఆయన ఉండే మూడో అంతస్తు బాల్కనీ సరిగ్గా బస్ స్టాప్ ఎదురుగా ఉంటుంది. వినేది విద్యానగర్‌లోని ఒక కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరర్. ఆమెకు చూపు లేదు. ఆ స్టాపు దాటగానే ఎడమకు తిరిగి మా క్యాంపస్ గుండా వెళ్లే బస్సు ఎక్కాలి. స్టాపులో అడుగుదామంటే అందరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లే. అందుకని ఆయన బాల్కనీలోంచి చూసి చెప్పేవాడు, ఆమె ఎక్కేది. ఇద్దరికీ లైసెన్సు ఉంది; రేడియోలో పరిచయమే తప్ప ఎప్పుడూ కలుసుకోలేదు.

ఒకరోజు నేను ల్యాబ్‌లో సెట్ ఆన్ చేసి వైర్లు సర్దుకుంటున్నాను. ఆయన గొంతు వచ్చింది. "మేడం, మీ బస్సొచ్చింది. ఎక్కుండ్రి."

కాసేపటికి ఆమె పిలిచింది. "సార్, బస్సు ఎడమకి తిరగలేదండీ. నేరుగా వెళ్లిపోయింది. దిగేశాను. ఇది లాలాగూడ వైపు వెళ్లే బస్సట."

నేను చేతిలోని వైరు పక్కన పెట్టాను.

"సార్, ఒక్కటి అడుగుతాను, ఏమనుకోకండి. నంబర్ చూసే చెబుతున్నారా?"

"లేదు మేడం," అన్నాడాయన. "శానా దినాల సంది మసక మసకగ కనిపిస్తున్నది. టైం బట్టి, బస్సు రంగు బట్టి అంచనాతోని చెప్తున్న. ఇయ్యాల తప్పింది."

"డాక్టర్‌కి చూపించుకున్నారా?"

"శుక్లమన్నరు. ఆపరేషన్ అంటే భయమైతున్నది. కన్ను పోతే ఏం గతి?"

ఆమె నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. "పోతే నేను నేర్పిస్తాను లెండి. పోదు గానీ, ముందు చేయించుకోండి. అంతవరకూ కండక్టర్లని అడిగి ఎక్కుతాను."

ఇలాంటి సంభాషణ అందరికీ వినబడే రేడియోలో జరగకూడదేమో. నేను కలగజేసుకోలేదు.

ఆయన ఆపరేషన్‌కు వెళ్లిన రోజుల్లో రిపీటర్ మౌనంగా ఉండిపోయింది. రేడియో లైసెన్సులిచ్చే శాఖ నుంచి తనిఖీకి అధికారి వచ్చింది సరిగ్గా అప్పుడే. మర్యాదస్తుడు. ఎమర్జెన్సీ పనులకు ఎన్నిసార్లు వాడారని అడిగాడు. ఒక్కసారి కూడా లేదన్నాను.

"మరి రోజూ ఏం నడుస్తది దీంట్ల?"

"బస్సు నంబర్లు," అని, ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశాడు. "అవసరమొచ్చినప్పుడు పనిచేస్తదా లేదా అని రోజూ చూసుకుంటున్నరన్నట్టు. టెస్టింగ్ అని రాస్త. ఓకే?"

నేను తల ఊపాను. అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

కట్టు విప్పాక ఆ పెద్దమనిషి మళ్లీ రేడియోలోకి వచ్చాడు. చూపు తెచ్చుకున్నవాడి ఉత్సాహం ఆయనది. బస్సు నంబరే కాదు, బస్సు వెనక రాసిన ప్రకటన, డ్రైవర్ మీసం, స్టాపులో ఎవరో పట్టుకున్న పువ్వుల రంగు, అన్నీ చెప్పడం మొదలుపెట్టాడు.

"సార్, సార్," అని ఆమె మధ్యలో అందుకుంది. "మీరు మీసం గురించి చెబుతుండగా నా బస్సు వెళ్లిపోయింది."

"అయ్యో! ఎనకనే ఇంకోటి వస్తున్నది మేడం. గిది పక్కా మీదే."

"ఖాళీగా ఉందా?"

"కిటికీ పక్క సీట్ కూడ ఉన్నది."

ఆమె ఎక్కింది. ఈసారి బస్సు ఎడమకు తిరిగిందని క్యాంపస్ లోపలి నుంచి చెప్పింది.