బావ పాటలు స్కాన్ చేసిన రోజు

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో తెలియదు. చర్చిలో ఎవరికీ తెలియదు. నీకు చెప్పగలుగుతున్నానంటే, నువ్వు నా ముఖం చూడలేవు కాబట్టే.

మా అక్కది ఉప్పల్. బావ చర్చి కోసం పాటలు రాసేవాడు, రాగం కూడా తనే కట్టేవాడు. ఉల్లిపొర లాంటి కాగితాలు, వాటి మీద నీలం సిరా. ఆయన పోయాక ఆ కట్టను అక్క ఇనుప పెట్టెలో దాచుకుంది. వేరే ఎక్కడా ప్రతి లేదు. పుస్తకం వేద్దామని చర్చివాళ్లు అడిగితే, మిషన్ల సంగతి నాకు బాగా తెలుసని కట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది.

తెలుసు. అదే కదా బాధ. నాచారంలో మా ఇంటికి ప్రింటర్ కొనేముందు ఎన్ని మోడళ్లు పోల్చి చూశానో! ఒక రకంలో అద్దం మీద ఒక్కో కాగితం పరిచి మూత వేయాలి. ఆలస్యమే కానీ కాగితానికి ఏమీ కాదు. ఇంకో రకానికి అద్దంతోపాటు పైన ట్రే కూడా ఉంటుంది. కట్ట పెడితే రోలర్లు వాటంతట అవే లాక్కుంటాయి. పాత కాగితాలు అందులో పెట్టొద్దని చూసిన ప్రతి వీడియోలోనూ చెప్పారు. ఆఫీసు పనికి పనికొస్తుందని నేను ఆ రెండోదే కొన్నాను. అందులో తప్పు లేదు. అద్దం దానికీ ఉంది.

ఆ శనివారం సాయంత్రం స్టేడియంలో మ్యాచ్‌కి నాకు టికెట్ ఉంది. కొన్ని పాటలు అద్దం మీదే స్కాన్ చేశాను. మూత ఎత్తడం, కాగితం పరచడం, మూత వేయడం, ఆగడం. విసుగొచ్చింది. మిగతా కట్టంతా పై ట్రేలో పెట్టేశాను. మొదట బాగానే వచ్చాయి. తర్వాత కరకరమని చప్పుడు. కాగితాలు ఒకదానికొకటి అతుక్కుని ఒక్కసారిగా లోపలికి పోయాయి. కంగారులో పట్టుకుని లాగాను. మిషన్ ఆపి, మూత విప్పి, మెల్లగా తీసి ఉంటే అతికించుకోవడానికైనా మిగిలేవేమో. ముక్కలన్నీ చెత్తబుట్టలో వేశాను. మ్యాచ్‌కి కూడా వెళ్లాను. అన్నిటికంటే ఈ మాట రాయడానికే సిగ్గుగా ఉంది.

మర్నాడు మిగిలిన కాగితాలు అక్కకిచ్చి, తక్కినవి చెమ్మ పట్టి ఉన్నాయనీ, విడదీస్తుంటే పొడైపోయాయనీ చెప్పాను.

అక్క ఆ కాగితాలు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. తర్వాత వంటగది గుమ్మంలో నిలబడ్డ కోడలు సుజాత వైపు తిరిగింది.

"సున్నాలేసినప్పుడు పెట్టెను బాత్‌రూం గోడ కాడికి జరిపింది నువ్వే గదా?"

"జరిపిన అత్తమ్మా. కానీ పైన కవర్ కప్పిన."

"కప్పితే ఎట్ల తడిసినయ్? సచ్చిపోయిన మనిషి రాత, మల్ల వస్తదా?"

సుజాత నా వైపు చూసింది. ఏదో ఒకటి అంటానని కాబోలు. నేను టీ గ్లాసు అందుకున్నాను.

కొన్నాళ్లకే కొడుకూ కోడలూ పీర్జాదిగూడలో వేరు కాపురం పెట్టారు. అంతకుముందు అత్తాకోడళ్ల మధ్య మాటలు రాలేదా? వచ్చాయి. ఆ సాకుతోనే ఇన్నాళ్లూ నన్ను నేను జోకొట్టుకున్నాను. కానీ ఆదివారం చర్చిలో అక్క పక్కన కూర్చుంటాను కదా. బావ పాట ఎత్తుకుంటుంది, పోయిన చరణం దగ్గరికొచ్చేసరికి మాటలు గుర్తురాక రాగం మాత్రం తీస్తుంది. అప్పుడు ఏ సాకూ పనిచేయదు.

మొన్న సుజాత ఫోన్ చేసింది. పిల్లల సర్టిఫికెట్లు స్కాన్ చేసుకోవాలట, ఏ ప్రింటర్ మంచిదని అడిగింది. తేడాలన్నీ ఓపిగ్గా చెప్పాను. అలవాటుగా, పాత కాగితాలు పైనుంచి పెట్టొద్దనీ, చిరిగిపోతాయనీ కూడా అన్నాను. "పైనుంచి పెడితే చినుగుతయా?" అని సుజాత మళ్లీ అడిగింది. తర్వాత "సరే మామయ్యా" అని పెట్టేసింది. ఆమెకు అర్థమైందా? తిరిగి ఫోన్ చేసి అడిగే ధైర్యం నాకు లేదు.

అక్కకు చెబుతానా? తెలియదు. చెప్పినా ఆ పాటలు రావు. సుజాత పడ్డ మాటలు వెనక్కి పోవు. నన్ను క్షమించమని నిన్ను అడగను, అది నువ్వు ఇవ్వాల్సింది కాదు. నిజం ఒక్కచోటైనా ఉన్నదున్నట్టు ఉండాలి, అంతే. కాగితాలకు చెమ్మ పట్టలేదు. సుజాత ఏ తప్పూ చేయలేదు. బావ పాటలు చింపింది నేను.

రాసేశాను. ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది.