తాళంచెవి ఇచ్చి, ప్రాణం దాచుకున్న కారు

గోదావరిఖనిలో దొంగలు ఎత్తుకుపోయిన అంబాసిడర్‌ను ఒంటిచేత్తో వెనక్కి తెచ్చుకున్నవాణ్ణి నేను. డెబ్బైల నాటి మాట. కారులో అటు వెళ్లేవారికి పనికొస్తుందని రాస్తున్నాను.

మా బావ కారు అడిగి తీసుకొని తెల్లవారి ఆరింటికి కరీంనగర్‌లో బయలుదేరాను. పెద్దపల్లిలో పూరీ, టీ. ఆపైన బొగ్గు లారీల వెనక దుమ్ము తింటూ తొమ్మిదిన్నరకు గని కార్మికుల క్వార్టర్ల లైను చేరాను. మిత్రుడు రాజయ్యకు ఆ రోజు సెలవు.

"కారు ఇంటి ముంగటనే ఉండనియ్యి. తాళంచెవి గీ గోడ మొలకు తగిలియ్యి. లైన్ల ఎవలకన్న అక్కరపడ్తే తీస్కపోతరు," అన్నాడు.

నవ్వుతూ తగిలించాను. అతను గోదావరి స్నానానికి తువ్వాలు వెతుక్కునేలోగా బానెట్ ఎత్తి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపలి రోటర్‌ను జేబులో వేసుకున్నాను. బొటనవేలంత ముక్క. అది లేకపోతే తాళంచెవి ఎంత తిప్పినా ఇంజను అందుకోదు. అద్దాలు ఎక్కించి, సీటు మీది సంచి డిక్కీలో పెట్టాను. యాత్రికులు ఇవన్నీ నేర్చుకోవచ్చు.

ఇద్దరం గోదావరిలో మునిగి, ఒడ్డున సద్ది తిని, ఒంటిగంటకు తిరిగొస్తే కారు లేదు! "దొంగలు! దొంగలు!" అని లైనంతా అరుస్తూ పరుగెత్తాను. గుమ్మాల్లోని ఆడవాళ్లు నా వంక వింతగా చూశారు. కారు చౌరస్తాలో ఉంది. బానెట్ తెరిచి ఉంది. వెనక సీటు మీద ఎవరిదో తలదిండు.

పక్కన నిలబడ్డ కార్మికుడు రాజయ్యతో అన్నాడు: "అన్నా, మన లైన్ల లచ్చవ్వ కోడలికి నొప్పులు లేసినయే. చెవి తిప్పితే బండి లేవకపాయె. బ్యాటరీ పోయిందని గీడిదాక నూకినం. ఆఖరికి మంచం మీద మోస్కపోయిండ్రు."

"పొద్దుగాల మంచిగనే వచ్చె గదా?" అన్నాడు రాజయ్య.

నేను జేబులోంచి రోటర్ తీశాను.

"మరి చెవి ఎందుకిచ్చినవ్‌ర?" అని నన్నడిగాడు.

దొంగలు లేరు. నా మొదటి వాక్యం కొట్టేసుకోండి. రోటర్ బిగించి దవాఖానకు వెళ్లేసరికి తల్లీ, మగబిడ్డా లోపల ఉన్నారు, క్షేమం. లచ్చవ్వ నన్ను చూసి మొహం తిప్పుకుంది.

మరునాడు తిరుగు ప్రయాణం. పెద్దపల్లిలోని కూతురికి కబురు చెప్పాలని లచ్చవ్వ బయలుదేరితే, రాజయ్య నన్నడగకుండానే ఆమెను వెనక సీటులో కూర్చోబెట్టాడు. దారంతా అద్దంలోకి చూసే ధైర్యం నాకు లేకపోయింది. గోదావరి చూశాను, గనులు చూశాను, కానీ ఆ ఊరనగానే నాకు గుర్తొచ్చేది ఆ తలదిండే.

అంత సిగ్గూ పెద్దపల్లి దాకానే. టీ కొట్టతను, "కారు జోర్దారుగున్నది సార్," అన్నాడో లేదో, నోరు ఊరుకోలేదు.

"ఉత్త కారనుకున్నావా? నిన్న పురిటి నొప్పుల మనిషిని క్షణాల్లో దవాఖానలో దించింది!"

లచ్చవ్వ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"దించలే బిడ్డా. నా మనుమడు నడితొవ్వల, మంచం మీద పుట్టిండు. ఆడోళ్లు కొంగులు అడ్డం పట్టిండ్రు. గీ సారు గప్పుడు బండి పానం జేబుల దాసుకొని గోదాట్ల మునుగుతుండె."