టైలర్ల దీక్షల లెక్కల టీచర్

పేపర్ల నా ఫోటో చూసిండ్రు గద. జిల్లా పేజీల, కింద ఎడమ దిక్కు. మెడల బంతిపూల దండ, నెత్తి ముంగటికి వాలి ఉన్నది. కింద "రాష్ట్రం కోసం టైలర్ల నిరాహార దీక్ష" అని రాసిండ్రు. పొద్దటి సంది మీరందరు అడుగుడే అడుగుడు. హెడ్మాస్టర్ సారైతె ప్రేయర్ల నా పేరు చెప్పి పిల్లలతోని చప్పట్లు కొట్టిచ్చిండు. విజయ టీచర్ ఎప్పుడు టైలర్ అయింది, అన్నం ఎందుకు ఇడిసింది అనేది మాత్రం ఈ స్టాఫ్‌రూంల ఒక్కరికి తెల్వది. పద్మా, ఆ చాయ్ ఇటియ్యి, చెప్త. నవ్వద్దు మరి. నవ్వుతరు, నాకు ఎరుకే.

దీనికంతటికి కారణం నా లాప్‌టాప్. ఉద్యమం అంటె నాకు పానమే గని, నిన్న నేను టెంటు కాడికి పోయింది దీక్షకు కాదు. ప్లగ్గు కోసం పోయిన.

మీకు తెలుసు, నేను మెదక్ కెల్లి టేక్మాల్ దాక దినాం బస్సుల నిలబడి వస్త. ఓ చేతిల టిఫిన్ బ్యాగు, ఓ సంకల పిల్లల నోటుబుక్కుల కట్ట. లాప్‌టాప్ కొంటె అల్కటిది, పల్చటిది కొనాలె అని పట్టువట్టి హైదరాబాద్ షోరూంకు పోయినం. ఆ సేల్స్ అతను మంచిగనే చెప్పిండు. "మేడం, పర్ఫార్మెన్స్ గట్టిగ కావాలంటె బ్యాటరీ తొందరగ అయిపోతది. బ్యాటరీ చానసేపు రావాలంటె పర్ఫార్మెన్స్ జర తగ్గించుకోవాలె. రెండు కావాలంటె బరువు పెరుగుతది." మూడిట్ల రెండే ఇస్తా అంటె నేను ఊకుంటనా? గంటసేపు అతన్ని బోర్డు కాడ నిలబెట్టినట్టు నిలబెట్టి ప్రశ్నలు అడిగిన. ఆఖరికి అతను విసిగి, షోరూంల అన్నిటికన్న పల్చటిది తెచ్చి నా చేతుల పెట్టిండు. డబ్బా మీద "ఏడు గంటల వరకు బ్యాటరీ" అని ఉన్నది. నేను "ఏడు" చదివిన. "వరకు" చదవలే.

మా ఆయనది ఎరువుల దుకాణం కద, ఆయన లెక్క వేరే. "ట్రాక్టర్ బలం, మోపెడ్ మైలేజి ఒక్క బండిల రావు విజయా. పెద్ద కంప్యూటర్ కొని ఇన్వర్టర్ పెట్టుకుందాం" అన్నడు.

"మీరు యూరియా సంగతి చూసుకోండ్రి" అన్న.

ఇగ ఆయన పైసలు తీసి కట్టిండు. ఆయన కథ అంతే. ఊకుంటడు, ఊకుంటడు, ఎప్పుడో ఒక్క మాట అంటడు. అది వారం దినాలు గుచ్చుకుంటది.

ఇగ మా బిడ్డ లావణ్య సంగతి. ఇంజనీరింగ్ ఎంట్రెన్స్‌ల మంచి ర్యాంకే వచ్చింది. ఏయే కాలేజీలు కావాల్నో వరుసగ ఇంటర్నెట్ల పెట్టి సేవ్ కొట్టాలె, గవే వెబ్ ఆప్షన్లు. దానికి హైదరాబాద్ ఇవతల ఉన్న ఒక కాలేజీ మీదనే మనసు. పొద్దున బస్సెక్కి పోతె పొద్దుగూకేసరికి ఇంటికి రావచ్చు. గడువు లోపల సేవ్ కాకపోతె ర్యాంకు ఎంత మంచిదైనా ఫాయిదా లేదు, మిగిలిపోయిన సీట్లే దిక్కు. ఆరు దినాలు టైమిచ్చిండ్రు. అండ్ల ఐదు దినాలు నేనే ఖరాబ్ చేసిన. దూరానికి ఇన్ని మార్కులు, ల్యాబులకు ఇన్ని మార్కులు అని టేబుల్ గీసుడు, చెరుపుడు, మల్ల గీసుడు. "నెట్ సెంటర్ల కొట్టొద్దాం మమ్మీ" అని పిల్ల మొత్తుకున్నది. "ఇంట్ల గింత మంచి లాప్‌టాప్ పెట్టుకొని నెట్ సెంటర్ ఎందుకే" అని నేనే కూసోవెట్టిన.

అట్ల అట్ల నిన్నటి దినం వచ్చింది. ఆఖరి దినం. సాయంత్రం ఐదింటికి సైట్ మూస్తరు. నిన్ననే బంద్, నెట్ సెంటర్లన్ని షట్టర్లు గుంజిండ్రు. కరెంటు పొద్దున ఆరింటికే పోయింది. బొగ్గు గనులోళ్లు సుత సమ్మెల ఉన్నరు, మల్ల ఎప్పుడు వస్తదో లైన్‌మన్‌కే తెల్వది. లావణ్య మొఖం చిన్నగైంది. నేనైతె లోపల లోపల కుశీ. గిసోంటి దినం కోసమే గద నేను దాన్ని కొన్నది. వంద పర్సెంట్ చార్జింగు ఉన్నది, డాటా కార్డు ఉన్నది, నా టేబుల్ ఉన్నది. ఒక్క చాయ్ తాగి ఎనిమిదింటికి కూసున్న. టిఫిన్ పని అయినంక తిందాం అన్న.

సైట్ తెరుచుకోదు. తెర నడుమ చక్రం తిరుగుతనే ఉన్నది. ఎందుకిట్ల అని ఆలోచన చేసిన. బ్యాటరీ పొదుపు కోసం మిషన్‌ను నేనే పవర్ సేవర్ల పెట్టి ఉంచిన కద, పర్ఫార్మెన్స్ తక్కువైంది, అందుకే సైట్ స్లో అని తీర్మానం చేసిన. హై పర్ఫార్మెన్స్ అని ఉన్నకాడ కొట్టిన. తెర ధగధగ మన్నది. లోపల ఫ్యాను వడ్లు తూర్పారవట్టినట్టు సప్పుడు మొదలువెట్టింది. ఒళ్లె సుర్రుమంటుంటె దిండు అడ్డం పెట్టుకున్న. చక్రం మాత్రం ఎప్పటి తీర్గనే తిరుగుతుంది.

"మమ్మీ, స్లో ఉన్నది సైటు. అందరు ఒక్కసారే ఎక్కిండ్రు. మన లాప్‌టాప్ కాదు" అన్నది లావణ్య.

"నీకేం తెలుసు, నువ్వింక ఇంజనీరింగ్ చదవలే" అన్న.

ఎట్లనో లోపలికి పోయినం. ఒక్కొక్క కాలేజీ పెట్టుకుంట వస్తున్నం. నడుమల సేవ్ కొడదామని పిల్ల అన్నది. పరీక్షల సగం రాసి పేపర్ ఇచ్చేస్తమా, అంత అయినంక ఒక్కసారే కొడదాం అన్న. తొమ్మిదిన్నరకు మూలకు చూస్తె బ్యాటరీ ఇరవై మూడు. గంటన్నరకు ఇంత పోతె ఏడు గంటలు ఎట్ల వస్తది అని మనసుల లెక్క చేస్తుంటె ఇంకో రెండు తగ్గింది. గడబిడల మల్ల పవర్ సేవర్ల పెట్టిన. ఇప్పుడు తెర అమాస లెక్క అయింది. నేను వంగి నా టేబుల్ల తర్వాతి కాలేజీ చూసేసరికి మిషన్ నిద్ర పోతది, డాటా కార్డు కట్ అవుతది. లేపాలె, మల్ల లోపలికి పోవాలె. ఇట్ల నాలుగు మాట్ల అయింది. పది కాకముందుకే తెర నల్లగైంది, ఇగ లేవలే. ముప్పై ఎనిమిది కాలేజీలు పెట్టినం. ఒక్కటి సుత సేవ్ కాలే.

లావణ్య ఏడ్వలే. ఏడ్చినా బాగుండు. నేను గీసిన టేబుల్ కాయితం మడత పెట్టి, "పోనీ మమ్మీ, మిగిలిన సీట్లల్ల ఏదో ఒకటి వస్తది" అన్నది. నన్నే ఊరడిస్తుంది. నిజం చెప్తున్న, గప్పుడు భయపడ్డ. నా గొప్పలకు పిల్ల సీటు పోతుందని నాకు గప్పుడు తెలిసింది.

పక్కింటోళ్ల ఇన్వర్టర్ ఎప్పుడో పడుకున్నది. మా ఆయన చెప్పులేసుకుంట, "రాందాస్ చౌరస్తాల దీక్ష టెంటు కాడ జనరేటర్ ఉన్నది. మైకు కోసం పెట్టిండ్రు" అన్నడు. లాప్‌టాప్ కొంగు కింద పెట్టుకొని ముగ్గురం ఉరికినం.

ఆ టెంట్ల దినానికో సంఘం కూసుంటది, మీకు తెలుసు. పొద్దున దండలేస్తరు, సాయంత్రం ఐదింటికి నిమ్మరసం తాపిచ్చి లేపుతరు. నిన్న టైలర్ల వంతు. టైలర్ల పెద్ద ఎవరనుకున్నరు? యాదగిరి. నా జాకెట్లు కుట్టే యాదగిరి. వారం కింద దుకాణంల నలుగురి ముంగట ఆయన్ని కడిగిపారేసిన. ఇయ్యాల రేపు అని ఒక్క జాకెట్ కోసం పది దినాలు తిప్పిచ్చుకున్నడు మరి, ఇంక ఇయ్యనే లేదు.

"యాదగిరన్నా, జర ప్లగ్గు కావాలె. పిల్ల సీటు సంగతి" అన్న. ఇరవై ఏండ్ల సంది ఆయన కాడ కుట్టిపిస్తున్న, అన్నా అనుడు అదే మొదలు.

ఆయన లాప్‌టాప్ చూసిండు, నన్ను చూసిండు. "ఇస్త టీచరమ్మా, ఎందుకియ్య. కాని ప్లగ్గు వేదిక మీదున్నది, మీ వైరు కిందిదాక రాదు. వేదిక మీద దీక్షల ఉన్నోళ్లే కూసోవాలె. కమిటీ రూలు."

"పది నిమిషాలే అన్నా."

"పేపరోళ్లకు పదకొండు మంది అని చెప్పిన. పది మందే వచ్చిండ్రు. మీరు కూసుంటె లెక్క సరిపోతది. లెక్క మీకంటె ఎవరికి తెలుస్తది?"

మెడల దండ పడ్డది. ఇద్దరు టైలర్ల నడుమ జాగ చేసి కూసోవెట్టిండ్రు. ప్లగ్గు పెట్టంగనే లాప్‌టాప్‌ల చిన్న లైటు వెలిగింది, నా పానం లేచొచ్చింది. అప్పుడే మైకుల, "మన ఉద్యమానికి మద్దతుగ లెక్కల టీచర్ విజయ మేడం సుత ఆమరణ నిరాహార దీక్షల కూసున్నరు" అని చెప్పిండ్రు. "ఆమరణం కాదన్నా, ఐదింటిదాకనే" అని నేను మైకు పట్టుకున్నాయన అంగి పట్టి గుంజితె సవరించిండ్రు.

సైట్ అప్పుడు సుత మెల్లగనే ఉన్నది. ప్లగ్గు ఉన్నంక అది ఎంత మెల్లగ పోతె మనకేంది. లావణ్య వేదిక కింద నిలబడి టేబుల్ల ఉన్న పేర్లు చదువుతుంది, నేను పెడుతున్న. జనరేటర్ సప్పుడుకు అది ఒర్రి చెప్పాలె, అది ఒర్రితె పక్కనున్న మైకు అందుకుంటుంది. కాలేజీల పేర్లన్ని చౌరస్తా అంత వినవడుతున్నయి. ఇగ జనం ఊకుంటరా? "ఆ కాలేజీ వద్దు బిడ్డా, మా మేనకోడలు చదివింది, ల్యాబుకు తాళమే ఉంటది" అని ఒకాయన. "దానికంటె పక్కది నయం, బస్సు గేటు కాడనే ఆగుతది" అని ఇంకొకామె. నా పక్కనున్న టైలర్ లావణ్య చేతుల నుంచి నా టేబుల్ కాయితం అందుకొని, చెవుల పెట్టుకున్న పెన్సిల్ తీసి నాలుగు పేర్లు కొట్టేసిండు. ఐదు దినాలు నేను వేసిన వరుస అర్ధగంటల మారింది. పిల్ల కోరుకున్న కాలేజీని మాత్రం ఎవ్వరు కదిలియ్యలే, అది మొదటనే ఉన్నది. ఒకటిన్నరకు సేవ్ కొట్టిన. అయినట్టు తెర మీద వచ్చింది. లావణ్య ఎగిరి నా కాళ్లు పట్టుకొని నవ్వింది. దాని నవ్వు చూసినంక నాకు ఆకలి గుర్తొచ్చింది.

వైరు చుట్టుకొని లేవబోయిన.

"అట్లెట్ల టీచరమ్మా" అన్నడు యాదగిరి, మస్తు మర్యాదగ. "నడుమల లేస్తె దీక్ష ఇజ్జత్ పోతది. పేపరోళ్లు ఇంక రాలే. ఐదింటిదాక ఓపిక పట్టుండ్రి. నా దుకాణంల పది దినాలు పట్టిండ్రు గద."

లేద్దామంటె కింద మా తొమ్మిదో తరగతి పిల్లల తల్లులు, టేక్మాల్ కెల్లి ట్రాక్టర్ల వచ్చిండ్రు. ఒకామె నాకు దండం పెట్టి, "టీచరమ్మ ఎంత కష్టం పడుతుంది" అని కండ్లు తుడుచుకున్నది. ఇగ ఏం లేస్త? నేను సుత దండం పెట్టి కూసున్న.

అదొక్కటే అయితె ఓర్చుకుందు. ఎదురుంగ రోడ్డు మీద ఇంకో సంఘమోళ్లు వంటావార్పు పెట్టుకున్నరు. అది సుత నిరసననే, రోడ్డు మీద వండి రోడ్డు మీదనే తినుడు. ఒకటే రాష్ట్రం కోసం ఇవతల మేం ఉపాసం, అవతల వాళ్లు బగార అన్నం, ఆలుగడ్డ కూర. గాలి సుత అటుకెల్లి ఇటే వస్తుంది. చూస్తె ఆ వరుసల మా ఆయన, లావణ్య. ఇద్దరు విస్తర్లు పట్టుకొని కూసున్నరు. మా ఆయన నన్ను చూసి చెయ్యి ఊపిండు. ఇంకో గంటె వడ్డిపిచ్చుకున్నడు.

మల్ల ప్లగ్గుకు పెడితె మూడింటికి లాప్‌టాప్ ఎనభైకి వచ్చింది. నా చార్జింగు దిగుతుంది. ముందు మాట బంద్ అయింది. తర్వాత పక్కనోళ్లు ఏం చెప్పినా తల ఊపుడే. మైకుల ఎవరో మన బొగ్గు, మన కరెంటు, మనకే చీకటి అని మంచిగ మాట్లాడుతుండ్రు, నాకు మన బగార అని వినవడుతుంది. నాలుగింటికి కండ్లు వాటంతల అవే మూతపడ్డయి. పేపరాయన ఫోటో గుంజింది గప్పుడే.

ఐదింటికి యాదగిరే నిమ్మరసం తెచ్చి ఇచ్చిండు. "జాకెట్ రేపు ఇస్త టీచరమ్మా" అన్నడు. ఒక్క గుక్కల తాగి, ఇంకో గ్లాసు ఉన్నదా అని అడిగిన. అది సుత మైకుల పడ్డది.

ఇంటికొచ్చి తాళం తీస్తుంటె కరెంటు వచ్చింది. లాప్‌టాప్ వంద పర్సెంట్ మీద మెరుస్తుంది, నేను గోడ పట్టుకొని నిలబడ్డ. మా ఆయన అటకెక్కిచ్చిన దాని డబ్బా కిందికి దించి, అద్దాలు పెట్టుకొని, ఆ ఏడు గంటల ముచ్చట మొత్తం చదివిండు. "వరకు" అనేది సుత చదివిండు. చదివి అప్పుడు అన్నడు ఆ ఒక్క మాట.

"మిషన్ రెండు గంటలకే పడిపోయింది. నువ్వు మాత్రం ఒక్క చాయ్ మీద తొమ్మిది గంటలు నడిచినవ్ విజయా."

లెక్క చేసిన. పొద్దున ఎనిమిదింటి చాయ్, సాయంత్రం ఐదింటి నిమ్మరసం. తొమ్మిదే. తప్పు పట్టెతందుకు లేదు. సీటు సంగతి వచ్చే వారం తెలుస్తది, దాని మీద నాకు ధీమనే ఉన్నది. బ్యాటరీ సంగతి మీకు చెప్పిన. ఇగ పర్ఫార్మెన్స్ అంటరా, పేపర్ల ఫోటో ఉన్నది, చూసుకోండ్రి.